హక్కు లేని రిబ్బన్లు: ఒక కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో నా అనుభవం

నేను ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) క్లర్క్‌గా చేరి సుబేదార్‌గా రిటైర్ అయ్యాను. మాది పశ్చిమ గోదావరి, మిలిటరీ మాధవరానికి దగ్గర ఊరు. ఫౌజులో పనిచేసినవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి మా వైపు మెడల్స్ గురించి మాటలు బాగా నడుస్తాయి. ఎవరికి ఏది వచ్చింది, ఎవరు పెట్టుకున్నది నిజం అని పెళ్లిళ్లలో కూడా చర్చ జరుగుతుంది. "రాని మెడల్ పెట్టుకుంటే ఆర్మీ ఏం చేస్తుంది?" అని నన్ను చాలామంది అడిగారు. నా సర్వీసు చివరి సంవత్సరాల్లో అలాంటి కేసు ఒకటి మా రెజిమెంట్‌లోనే వచ్చింది. దాని మీద వేసిన కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో, అంటే ఆర్మీ లోపలి విచారణలో, నన్ను మెంబర్‌గా వేశారు. యూనిట్ పేరు, మనిషి పేరు రాయను. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

అతను హవల్దార్. గన్ డిటాచ్‌మెంట్‌కి నంబర్ వన్, అంటే ఒక ఫిరంగి మీద పనిచేసే జట్టుకి పెద్ద. పనిలో వంక పెట్టడానికి లేదు, కుర్రాళ్లకు డ్రిల్ నేర్పడంలో మంచి ఉస్తాద్. టెర్రరిస్టులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్ (ఆర్‌ఆర్) దళంలో టెన్యూర్ చేసి, కశ్మీర్ నుంచి తిరిగి యూనిట్‌కి వచ్చాడు. వచ్చేటప్పటికి ఎడమ జేబు మీద రిబ్బన్ల వరసలో రెండు కొత్తవి చేరాయి. ఒకటి గాయపడ్డవాళ్లకి ఇచ్చే వూండ్ మెడల్‌ది, దాన్నే పరాక్రమ్ పదక్ అని కూడా అంటారు. రెండోది సియాచిన్ గ్లేసియర్ మెడల్‌ది.

సివిల్‌లో ఉన్నవాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. రోజూ యూనిఫాం మీద మెడల్స్ వేలాడదీయరు, వాటి రిబ్బన్లు మాత్రమే ఉంటాయి. అసలు మెడల్స్ పరేడ్లకు, పెద్ద రోజులకు. కానీ ఆ రంగు గుడ్డ ముక్కలు చూసి ఒక సిపాయి ఇంకో సిపాయి సర్వీసు మొత్తం చదివేస్తాడు. ఎక్కడ ఉన్నాడు, ఎన్నేళ్లు చేశాడు, గాయపడ్డాడా అన్నీ అక్కడే ఉంటాయి. కొత్తగా వచ్చిన గన్నర్ ఆ రిబ్బన్లు చూసే ఎవరి మాట వినాలో నిర్ణయించుకుంటాడు. రాని రిబ్బన్ పెట్టుకోవడాన్ని ఫౌజు చిన్న విషయంగా తీసుకోకపోవడానికి కారణం ఇదే.

రైజింగ్ డే, అంటే రెజిమెంట్ పుట్టినరోజు, పరేడ్ దగ్గర పడుతోంది. ఎవరెవరు ఏ మెడల్స్ వేసుకోవాలో లిస్టు తయారు చేయమని ఆఫీసుకి ఆర్డర్ వచ్చింది. ఆ లిస్టు నోటి మాట మీద తయారవదు. ప్రతి మెడల్‌కీ ఒక పార్ట్ టూ ఆర్డర్ ఉండాలి. మనిషికి ప్రమోషన్ వచ్చినా, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, మెడల్ వచ్చినా యూనిట్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ వేస్తుంది, రికార్డ్ ఆఫీసు దాన్ని అతని సర్వీసు కాగితాల్లో ఎక్కిస్తుంది. ఆ ఎంట్రీ ఉంటే మెడల్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. హవల్దార్ కాగితాల్లో ఆ రెండింటికీ ఎంట్రీ దొరకలేదు.

ఎస్ఎం సాబ్, అంటే మా సుబేదార్ మేజర్, వెంటనే గొడవ చేయలేదు. ఆర్‌ఆర్ బెటాలియన్‌లో వేసిన ఆర్డర్ మన దాకా రాలేదేమో, ముందు రాసి అడగండి అన్నారు. ఆ మాట అనడానికి మంచి కారణమే ఉంది. మెడల్స్ విషయంలో ఆలస్యం మనందరికీ తెలిసిందే. ఎంట్రీ పడి ఏళ్లు గడిచినా అసలు మెడల్ చేతికి రాని జవాన్లు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు. వాళ్లు కంటోన్మెంట్ బజార్లో షాపుకెళ్లి కొనుక్కుంటారు. రిబ్బన్ కూడా అక్కడే కుట్టిస్తారు. షాపువాడు ఏ కాగితమూ అడగడు. కాబట్టి బజార్లో కొన్న మెడల్ వేసుకోవడం తప్పేమీ కాదు, సగం ఫౌజు అదే చేస్తుంది. హక్కు లేనిది వేసుకోవడమే తప్పు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ ఇబ్బందిని సృష్టించింది ఆ ఆలస్యమేనని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

జవాబు వచ్చింది. ఆ హవల్దార్ పేరు మీద వూండ్ మెడల్ లేదు. దాంతో సీఓ సాబ్, అంటే మా కమాండింగ్ ఆఫీసర్, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీకి ఆర్డర్ చేశారు. ప్రిసైడింగ్ ఆఫీసర్ ఒక మేజర్ సాబ్, ఒక కెప్టెన్ మెంబర్, నేను ఇంకో మెంబర్. నన్ను వేయడానికి ఒక కారణం, నాకు డాక్యుమెంటేషన్ తెలుసు. రెండోది, అతనూ తెలుగువాడే. స్టేట్‌మెంట్లు ఇంగ్లీషులో రాస్తారు. సంతకం పెట్టే ముందు అతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి.

ఆర్డర్ వచ్చిన రాత్రే అతను నా గదికి వచ్చాడు. "సాబ్, మీరు మన జిల్లా దగ్గరివారు. ఇది ఎలాగైనా ఆఫీసులోనే ఆగిపోయేలా చూడండి" అన్నాడు. కూర్చోమని మంచినీళ్లు ఇచ్చాను. "చూడు తమ్ముడూ, రేపటి నుంచి నేను ఆ బల్ల అవతల కూర్చుంటాను. ఈ విషయం నాతో మాట్లాడకు. అక్కడ నీకు చాలా హక్కులున్నాయి, అవి వాడుకో" అని పంపించేశాను. పొద్దున్నే మేజర్ సాబ్‌కి ఆ సంగతి చెప్పాను. ఆయన తల ఊపి, "మీరే ఉండండి" అన్నారు.

హక్కులు అన్నది ఊరికే కాదు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అంటే శిక్ష వేసే కోర్టు కాదు, ఏం జరిగిందో తేల్చే విచారణ. ఆర్మీ రూల్స్ 1954లో రూల్ 177 కింద వేస్తారు. ఒక మనిషి పరువుకి సంబంధించిన విషయమైతే రూల్ 180 వర్తిస్తుంది. విచారణ జరిగినంతసేపూ అతను అక్కడ ఉండవచ్చు. ప్రతి సాక్షినీ ప్రశ్నించవచ్చు. తన తరఫున సాక్షులను తెచ్చుకోవచ్చు. ఎదురుగా ఉన్నది హవల్దార్ అయినా, సాక్షి ఎస్ఎం సాబ్ అయినా సరే. మేజర్ సాబ్ మొదటి రోజు ఈ రూల్ చదివించి, నా చేత తెలుగులో చెప్పించి, అర్థమైందని సంతకం తీసుకున్నాకే పని మొదలుపెట్టారు.

మొదటి సాక్షి ఎస్ఎం సాబ్. రిబ్బన్లు ఎప్పుడు గమనించిందీ, కాగితాలు ఎలా వెతికించిందీ చెప్పారు. ప్రశ్నలున్నాయా అని అడిగితే హవల్దార్ లేచి నిలబడ్డాడు.

"సాబ్, జనవరి 26 పరేడ్‌లో కూడా ఇవే రిబ్బన్లు నా ఛాతీ మీద ఉన్నాయి. మీరు నా ఎదురుగా నిలబడి ఇన్‌స్పెక్షన్ చేశారు. అప్పుడు ఎందుకు అడగలేదు?"

ఎస్ఎం సాబ్ కాసేపు ఆగి అన్నారు: "నువ్వు పెట్టుకున్నావు కాబట్టి నమ్మాను."

ఆ జవాబు అలాగే రికార్డులో రాశాం. నేను కూర్చున్న విచారణల్లో ఇంత బరువైన మాట ఇంకొకటి వినలేదు. రెజిమెంట్ అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. గన్ మీద నంబర్ వన్ "రెడీ" అంటే వెనక ఎవరూ వెళ్లి మళ్లీ చూడరు.

తర్వాత వూండ్ మెడల్ సంగతి. నిజానికి ఇది నేను అనుకున్నంత తేలిక కాలేదు. అతనికి గాయమైన మాట వాస్తవం. ఆర్‌ఆర్ బెటాలియన్ పంపిన కాగితాల్లో కాజువాల్టీ సిగ్నల్ (గాయపడ్డాడని పంపిన సందేశం) కాపీ ఉంది, మిలిటరీ హాస్పిటల్ కాగితాలున్నాయి. రాత్రి కార్డన్‌కి (టెర్రరిస్టులున్న చోటిని చుట్టుముట్టడానికి) వెళ్తుంటే వాలు మీద జారి పడ్డాడు, కాలు విరిగింది, చాలాకాలం హాస్పిటల్‌లో ఉన్నాడు. ఆ రాత్రి ఆ చోట కాల్పులు జరగలేదు. అందుకే ఫిజికల్ కాజువాల్టీగా (ప్రమాదంలో గాయపడ్డట్టు) చూపించారు, బ్యాటిల్ కాజువాల్టీగా (పోరులో గాయపడ్డట్టు) కాదు. వూండ్ మెడల్ రావాలంటే శత్రువు చర్య వల్ల నేరుగా గాయమై ఉండాలి. బుల్లెట్ కావచ్చు, గ్రెనేడ్ ముక్క కావచ్చు, మైన్ కావచ్చు.

అతను అన్నాడు: "సాబ్, నేను పిక్నిక్‌కి వెళ్లి పడలేదు. టెర్రరిస్టుల కోసం వెళ్తూ పడ్డాను. రాయి తగిలి విరిగితే ఒకటి, బుల్లెట్ తగిలి విరిగితే ఇంకొకటా? నొప్పి ఒకటే కదా."

గదిలో ఎవరమూ వెంటనే మాట్లాడలేకపోయాం. అతను అన్నదాంట్లో బాధ ఉంది, అది నిజమైన బాధ. కానీ ఆ బాధకి ఫౌజు వేరే దారి పెట్టింది. డ్యూటీలో తగిలిన గాయానికి ఇంజురీ రిపోర్టు ఉంటుంది, ఆ గాయం మిలిటరీ సర్వీసు వల్ల అయినదని రాస్తారు, రిటైర్ అయ్యేటప్పుడు మెడికల్ బోర్డు దాన్ని చూసి డిజబిలిటీ పెన్షన్‌కి సిఫార్సు చేస్తుంది. అతని ఇంజురీ రిపోర్టు సరిగ్గానే ఉంది. కెప్టెన్ సాబ్ ఆ విషయం ఫైండింగ్స్‌లో స్పష్టంగా రాయాలని పట్టుబట్టారు. గాయం నిజం, డ్యూటీలో అయింది, అందులో అతని తప్పు లేదు, ఆ గాయం వల్ల వచ్చే హక్కులకు ఈ విచారణ అడ్డు కాకూడదు అని. నాకు ఆ వాక్యం చాలా నచ్చింది. ఒక విషయంలో తప్పు చేశాడని మిగతా సర్వీసంతా అబద్ధం అయిపోదు.

మా రెజిమెంట్‌లోనే ఒక నాయక్ ఉన్నాడు. కుప్వారా వైపు ఒక ఎన్‌కౌంటర్‌లో చేతిలోకి స్ప్లింటర్లు దిగాయి. అతని వూండ్ మెడల్‌కి ఎంట్రీ ఉంది, మెడల్ మాత్రం ఇంకా రాలేదు. బజార్లో కొన్న రిబ్బనే పెట్టుకుంటున్నాడు. అతన్ని సాక్షిగా పిలవలేదు, అవసరం లేదు కూడా. ఒకరోజు టీ దగ్గర కలిసి నన్ను ఒకటే అడిగాడు: "సాబ్, ఇప్పుడు నన్ను కూడా కాగితం చూపించమంటారా?" అతని కాగితం మా దగ్గరే ఉందని, ఎవరూ అడగరని చెప్పాను. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. హక్కు లేనివాడు ఒకడు పెట్టుకుంటే, హక్కున్నవాడు రుజువులు వెతుక్కోవాల్సి వస్తుంది. ఈ నేరంలో నష్టపోయేవాడు ఎవరని ఎవరైనా అడిగితే ఆ నాయక్‌నే చూపిస్తాను.

రెండో రిబ్బన్ విషయంలో ఏ సందేహమూ మిగల్లేదు. సియాచిన్‌లో మన ఫౌజు 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో అడుగుపెట్టింది. అప్పటి నుంచి అక్కడ పనిచేసినవాళ్ల కోసం ఉన్న మెడల్ అది. ఆ చలిలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు, మంచు కింద ఉండిపోయినవాళ్లున్నారు. హవల్దార్ మూవ్‌మెంట్ ఆర్డర్లన్నీ పరిచి చూశాం. టెంపరరీ డ్యూటీ మీద లేహ్ వెళ్లి వచ్చాడు. అంతకు మించి ఎప్పుడూ పైకి వెళ్లలేదు.

రిబ్బన్లు కుట్టిన షాపువాడు పొరపాటున కలిపేశాడని, తను గమనించలేదని హవల్దార్ మొదట చెప్పాడు. అప్పుడు మేజర్ సాబ్ ఒక ఫోటో ప్రింటు బల్ల మీద పెట్టారు. సెలవులో ఊరెళ్లినప్పుడు ఆగస్టు 15కి స్కూల్లో జెండా ఎగరేయడానికి అతన్ని పిలిచారు. స్కూలు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫోటో అతనే తన బ్యాటరీ (రెజిమెంట్‌లో ఒక భాగం) వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాడు. ఫ్లెక్సీ తెలుగులో ఉంది కాబట్టి చదివి ఇంగ్లీషులో రికార్డుకి చెప్పమని నన్ను అడిగారు. "సియాచిన్ మంచు కొండల్లో శత్రువుతో పోరాడి గాయపడిన మన ఊరి వీరుడికి ఘన స్వాగతం" అని ఉంది. కింద యువజన సంఘం కుర్రాళ్ల పేర్లు, ఫోటోలు. మధ్యలో యూనిఫాంలో ఇతను, రెండు రిబ్బన్లూ కనిపించేలా.

ఆ వాక్యం చదువుతుంటే నా గొంతు పట్టేసింది. ఆ ఊరి కుర్రాళ్లు చందాలు వేసుకుని కట్టిన ఫ్లెక్సీ అది. వాళ్లలో కొందరు ఇతన్ని చూసి ఆర్మీ ర్యాలీకి పరుగు ప్రాక్టీసు చేస్తూ ఉంటారు. అలాంటి ఊళ్లు నాకు బాగా తెలుసు.

"ఇది కూడా షాపువాడే రాశాడా?" అని కెప్టెన్ సాబ్ అడిగారు. హవల్దార్ చాలాసేపు నేల చూశాడు. తర్వాత తెలుగులో నాతోనే చెప్పాడు, "నేనే రాయించాను సాబ్" అని. ఆర్‌ఆర్ నుంచి వెళ్లినప్పుడు ఊళ్లో అందరూ ఏం మెడల్ వచ్చిందని అడిగారట. జారిపడి కాలు విరిగిందంటే నవ్వుతారని గాయం మెడల్ అన్నాడు. ఇంకెవరో సియాచిన్ వెళ్లావా అంటే వెళ్లానన్నాడు. చెప్పాక పెట్టుకోవాల్సి వచ్చింది. స్టేట్‌మెంట్ అంతా తెలుగులో చదివి వినిపించాను. ఒక్క మాట మార్చమనకుండా సంతకం పెట్టాడు.

ఎంక్వైరీ అయిపోతే శిక్ష పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. రూల్ 182 ప్రకారం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో చెప్పిన మాటను తర్వాత అతని మీద సాక్ష్యంగా వాడకూడదు. క్రమశిక్షణ చర్య మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రాని మెడల్ పెట్టుకోవడానికి ఆర్మీ యాక్ట్ 1950లో ప్రత్యేకంగా సెక్షన్ లేదు. సెక్షన్ 63 వాడతారు. మంచి వ్యవస్థకి, సైనిక క్రమశిక్షణకి భంగం కలిగించే పని అన్న నేరం. కోర్ట్ మార్షల్‌లో దీనికి ఏడేళ్ల దాకా జైలు వేయవచ్చు. కాగితాలే దిద్ది దొంగ ఎంట్రీ వేయించుకుంటే అది సెక్షన్ 57 కిందికి వెళ్తుంది, అందులో పద్నాలుగేళ్ల దాకా ఉంది. మా కేసులో కాగితం ఏదీ ముట్టుకోలేదు. అది అతనికి చాలా మేలు చేసింది.

రూల్ 22 కింద సీఓ సాబ్ ముందు మార్చ్ అప్ చేశారు. టోపీ, బెల్టు తీయించి లోపలికి తెచ్చారు. ఛార్జ్ చదివారు. సాక్షులను మళ్లీ అతని ఎదుటే విన్నారు, మళ్లీ ప్రశ్నలు అడిగే అవకాశం ఇచ్చారు. ఈసారి అతను ఎవరినీ ఏమీ అడగలేదు. ఛార్జ్ కొట్టేయడం, సెక్షన్ 80 కింద తనే శిక్ష వేయడం, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ (సాక్షుల మాటల రికార్డు) రాయించి సమ్మరీ కోర్ట్ మార్షల్‌కి వెళ్లడం, ఇవన్నీ సీఓ చేతిలో ఉంటాయి. కోర్ట్ మార్షల్ అయితే ర్యాంకు, ఉద్యోగం రెండూ పోవచ్చు. సీఓ సాబ్ సెక్షన్ 80 ఎంచుకున్నారు. ఎన్‌సీఓకి, అంటే హవల్దార్, నాయక్ లాంటి ర్యాంకువాళ్లకి, ఆ సెక్షన్ కింద జైలు గానీ, డిటెన్షన్ గానీ వేయకూడదు. సివియర్ రిప్రిమాండ్ (తీవ్ర మందలింపు), దాంతో పాటు 14 రోజుల జీతం జరిమానా వేశారు. సివియర్ రిప్రిమాండ్ అంటే రెడ్ ఇంక్ ఎంట్రీ, సర్వీసు కాగితాల్లో పెద్ద మచ్చ. నాయబ్ సుబేదార్ ప్రమోషన్ బోర్డు ముందున్న మనిషికి అది ఎంత దెబ్బో ఫౌజులో పనిచేసినవాళ్లకి చెప్పనక్కర్లేదు.

అంతకు ముందు ఒక ఆఫీసర్, రెజిమెంట్ మొత్తాన్ని ఫాలిన్ చేయించి (వరసల్లో నిలబెట్టి) అందరి ముందు ఆ రిబ్బన్లు పీకేయాలని సలహా ఇచ్చారు. సీఓ సాబ్ ఒప్పుకోలేదు. "సెక్షన్ 80లో అలాంటి శిక్ష ఎక్కడుందో చూపించండి" అన్నారు. రిబ్బన్లు అతనే తన గదిలో విప్పి ఎస్ఎం సాబ్‌కి అప్పగించాడు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. చట్టం ఇచ్చినదానికన్నా ఎక్కువ అవమానం చేస్తే, ఆ రోజు నుంచి జవాన్లందరూ అతని వైపే నిలబడేవారు. అతను తర్వాత కూడా గన్ మీద బాగానే పనిచేశాడు. హవల్దార్‌గానే పెన్షన్‌కి వెళ్లాడు.

ఈ కేసు తర్వాత రెజిమెంట్‌లో అందరి మెడల్స్ కాగితాలతో సరిచూసే పని మా ఆఫీసు మీద పడింది. నేను ఊహించని సంగతి అక్కడ బయటపడింది. హక్కు లేకుండా పెట్టుకున్నవాడు మళ్లీ ఒక్కడూ దొరకలేదు. హక్కుండీ పెట్టుకోనివాళ్లు మాత్రం బ్యాటరీకి బ్యాటరీ ఉన్నారు. తొమ్మిదేళ్ల లాంగ్ సర్వీస్ మెడల్‌కి ఎంట్రీ వేయించుకోనివాళ్లు, సైన్య సేవా మెడల్ క్లాస్ప్ (రిబ్బన్ మీద పెట్టే లోహపు పట్టీ) తమకు వస్తుందని తెలియనివాళ్లు, పాత యూనిట్ నుంచి క్లెయిమే పంపనివాళ్లు. వాటన్నిటికీ కూర్చుని పార్ట్ టూ ఆర్డర్లు వేయించాం. నాయక్ మెడల్ కోసం ఎస్ఎం సాబ్ స్వయంగా రిమైండర్ మీద రిమైండర్ పంపించారు.

రిటైర్ అయ్యాక ఊళ్లో నా దగ్గరికి వచ్చే మాజీ సైనికులకి ఇదే చెప్తున్నాను. ఆగస్టు 15కి మెడల్స్ వేసుకునే ముందు డిశ్చార్జ్ బుక్‌లో మెడల్స్ రాసిన చోటు చూసుకోండి. అక్కడ ఉన్నది ధైర్యంగా వేసుకోండి, అసలుది రాకపోతే బజార్లో కొన్నదైనా సరే. రావాల్సింది అక్కడ లేకపోతే ఆర్మీ నంబర్, పనిచేసిన యూనిట్లు, తేదీలు రాసి మీ రికార్డ్ ఆఫీసుకి అర్జీ పెట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కూడా పంపవచ్చు. అమరులైనవారి మెడల్స్‌ని వాళ్ల కుటుంబ సభ్యులు నివాళి కార్యక్రమాల్లో కుడివైపు ఛాతీ మీద ధరించవచ్చు. ఈ సంగతి తెలియక పెట్టెలో దాచేసిన ఇళ్లున్నాయి. ఫౌజులో అసలు పనిచేయనివాళ్లు యూనిఫాం వేసి జనాన్ని మోసం చేస్తే అది పోలీసు కేసు. ఇదివరకు ఐపీసీ 140, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 168. మా చుట్టుపక్కల ఎవరికైనా రికార్డ్ ఆఫీసుకి అర్జీ రాయడం తెలియకపోతే డిశ్చార్జ్ బుక్ తీసుకుని నా దగ్గరికి రండి, నేను రాసిపెడతాను.